గట్టిదానివి అన్నారు

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. దీపావళి పోయింది, హోలీ కూడా పోయింది, కోపం తగ్గలేదు. ఇక ఆగితే లాభం లేదని ఇప్పుడే కూర్చున్నాను.

నేను అక్షరాలు నలభై ఆరేళ్ళ వయసులో నేర్చుకున్నాను. శాంతి నగర్‌లో మా ఇంటి వెనక గల్లీలో పదవీ విరమణ చేసిన తెలుగు బడి టీచరమ్మ ఉంది. శుక్రవారం కార్ఖానాలకు సెలవు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం మాలాంటి వాళ్ళను కూర్చోబెట్టి దిద్దించేది. అందుకని ఈ రాతలో వంకరలు ఉంటాయి. నా మొహంలో కూడా ఇంకా కొంచెం ఉంది. రెండూ అట్లాగే ఉండనీ.

ఇది చదివే ఆడవాళ్ళకు ముందుగా ఒక మాట. పొద్దున లేచేసరికి మూతి ఒక దిక్కుకు పోయి, ఒక కన్ను మూతపడకపోతే ఆ రోజే దవాఖానాకు పోండి. మరుసటి రోజు కాదు, పని దిగినాక కాదు. ఎవరన్నా మిమ్మల్ని గట్టిదానివి అంటే అసలు నమ్మకండి.

మేము భివండికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. మా ఆయన సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. నేను ఇంకో కార్ఖానాలో కండెలు చుడతాను. నేతలో అడ్డపోగు కోసం నాడెలో పెట్టే చిన్న పుల్లలకు దారం చుట్టడం, అదే పని. ముందు హాలులో నలభై సాంచెలు, వెనక గదిలో మేము పందొమ్మిది మంది ఆడవాళ్ళం. ఆ చప్పుడులో పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని మేము పెదవులు చూసి మాట్లాడుకుంటాం. గొంతు తెరవకుండా ఇంటి గొడవలు, సినిమా కథలు, అత్తల మీద చాడీలు అన్నీ చెప్పుకుంటాం. కొన్నింటికి గుర్తులు కూడా ఉన్నాయి. మా సేటు ఎప్పుడూ ఎడమ దవడలో పాన్ పెట్టుకుంటాడు, ఆయన మూతి అటే లాగి ఉంటుంది. అందుకని ‘సేటు వస్తున్నడు’ అని చెప్పాలంటే మేము మూతిని ఎడమకు లాగుతాం.

వాళ్ళందరి తరఫున మాట్లాడేది నేనే. నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్ల బడి సంగతైనా, నేనే ముందు పోయేదాన్ని. పోయిన ఎండాకాలం నుంచి ఒకటే మాట మీద ఉన్నాం. ఆడవాళ్ళకు వేరే లెట్రిన్ కావాలి. ఉన్నది ఒకటి, దానికి తలుపు లేదు, గోనె పట్టా వేలాడదీశారు. అది మగవాళ్ళదే. మేము పొద్దున ఇంటి దగ్గర పోయి వచ్చి, మళ్ళీ ఇంటికి పోయేదాకా నీళ్ళు తాగం. ఇరవై ఏళ్ళుగా ఇదే. దీపావళి సెలవుల్లో సాంచెలు ఆపి కింద కొత్త గచ్చు చేయిస్తానని సేటు చెప్పాడు. ఆ గచ్చు పడకముందే కింద పైపు వేయాలి. పడ్డాక మళ్ళీ ఎవరూ తవ్వరు. మాకు ఉన్న గడువు అంతే.

గణపతుల పండుగకు ముందు మా మహిళా మండలికి ఠాణే దిక్కు నుంచి ఒక మేడం వచ్చింది. ముందు నిలబడే ఆడవాళ్ళకు శిక్షణ అన్నారు. గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. దెబ్బ తగిలినా మళ్ళీ లేవాలి, నాయకురాలు ముందు తన మీద తాను పెట్టుబడి పెట్టుకోవాలి, రోజుకు అరగంట తన కోసం ఉంచుకోవాలి అని చెప్పింది. నా పక్కన కూర్చున్న భాగ్య గొంతు తెరవకుండా పెదవులతో మాత్రమే అంది: “నాకు అరగంట దొరికితే లెట్రిన్‌కు పోయొస్త.” పందొమ్మిది మందిమీ ఒక్కసారే నవ్వాం. మేడంకు ఏమీ అర్థం కాలేదు. ఆమె కూడా నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి, మరాఠీలో అక్కా అన్నట్టు తాయి కలిపి, “సుగుణతాయి ఎంత గట్టి మనిషో చూడండి,” అంది. నాకు ఎంత సంతోషమైందో. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

గణపతులు నీళ్ళలో కలిసిన వారం, బుధవారం.

పొద్దున నోరు పుక్కిలిస్తే నీళ్ళు ముందుకు పోకుండా కుడి దిక్కు నుంచి జాకెట్ మీద పడ్డాయి. చాయ్ కూడా అంతే. చెవి వెనక రెండు రోజులుగా నొప్పి ఉంది. పడుకోవడం సరిగా పడుకోలేదేమో అనుకొని పనికి పోయాను.

గదిలోకి అడుగు పెట్టి “అందరొచ్చిన్రా?” అన్నాను. వాళ్ళు నా మొహం చూశారు. చూడడమే ఆలస్యం, కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు గబగబా లేచి ఎవరి మిషన్ దగ్గరికి వాళ్ళు పరుగెత్తారు. ఒకామె నోట్లో పెట్టుకోబోతున్న రొట్టె ముక్క చెంగులో దాచింది. నా వెనక ఎవరున్నారా అని నేను కూడా తిరిగి చూశాను. ఎవరూ లేరు.

భాగ్య పెదవులతో అడిగింది, “ఏడి సేటు?”

“సేటెక్కడొచ్చిండు?” అన్నాను.

ఆమె దగ్గరికి వచ్చి నా గదవ పట్టుకొని, బొటనవేలితో మూతిని కుడికి జరిపింది. వదిలిపెడితే మళ్ళీ ఎడమకే పోయింది. ఆమె మొహం తెల్లబడింది. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది: “అక్కా, నీ మూతి నిజంగనే గట్ల పోయింది. దవాఖానకు పోదాం, లే.”

“శనివారం సేటు మేస్త్రిని తీసుకొస్తున్నడు. కొలతలు కానీ, పోదాం.”

ఇంకొకామె అంది, “సుగుణక్క గట్టిది. ఆమెకేం గాదు.”

నేను ఆ మాట పట్టుకొని రెండు రోజులు ఉన్నాను. నాకు కావలసింది ఆ మాటే. గట్టిదాన్ని అని అందరూ అంటుంటే, భయమేస్తున్నది అని ఎట్లా చెప్పాలి? కుడి కన్ను మూతపడక మండుతుంటే కొంగు అడ్డం పెట్టుకొని కండెలు చుట్టాను. శుక్రవారం సెలవు రోజు కూడా దవాఖానాకు పోలేదు. పడుకున్నాను.

శనివారం సేటు వచ్చాడు. ఆయనది కూడా మా దిక్కే, కరీంనగర్. ముప్పై ఏళ్ళ కింద ఆయన కూడా కూలికి సాంచెలు నడిపినవాడే. ఇప్పుడు కార్ఖానా ఆయనది, దాని మీద మేడలో ఇల్లు ఆయనది. నన్ను చూడగానే నవ్వాడు.

“ఏందక్కా, నా మూతి నాకే చూపిస్తున్నవా? నాకు తెల్వదనుకున్నరా మీ సైగలు?”

ఇది ఆట కాదు సేటూ అని చెప్పబోయాను. మాటలు తడిసిన అట్టముక్కల్లాగా వచ్చాయి. ఆయన నవ్వు ఆపి రెండడుగులు వెనక్కి వేశాడు. అంటుకుంటుందేమో అన్నట్టు.

“సరే తీ. నీ మూతి మంచిగైనంక మాట్లాడుదాం. తొందరేముంది?”

మేస్త్రిని తీసుకొని పోయాడు. గచ్చు కొలిచారు. పైపు మాట ఎత్తలేదు. నా వెనక పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా నోరు తెరవలేదు. ఆ కోపం నాకు చాలా రోజులు వాళ్ళ మీదే ఉంది.

ఆ మాపు మా ఆడబిడ్డ వచ్చి గాలి కొట్టిందని తేల్చింది. ఊరి బయట ఒకాయన చెవిలో పసరు పోస్తాడు, మూడు పూటలు పోయించాలి అంది. మా ఆయన ఆటో మాట్లాడాడు. నేను ఎదురు చెప్పలేదు. చెప్పడానికి మాట సరిగా రావడం లేదు, అసలు ఎవరన్నా పట్టుకొని ఎటో ఒక దిక్కు తీసుకుపోతే చాలు అనిపించింది. పసరు చెవిలో మండింది. అంతే, ఇంకేం కాలేదు.

ఆరో రోజు, సోమవారం, నా బిడ్డ శ్రావణి గోదాము పనికి సెలవు పెట్టి వచ్చింది. నన్ను మళ్ళీ పసరుకు తీసుకుపోదామని వాళ్ళ బాపు చెప్పులు వేసుకుంటుంటే అడ్డం నిలబడింది.

“బాపూ, ఆజ్ హాస్పిటలే. పసరు గిసరు బస్. నువ్వు వస్తే రా, లేకపోతే నేనే తీస్కపోత.”

“నీకేం తెలుసే?”

“నాకేం తెల్వదు. అందుకే డాక్టర్ని అడుగుత.”

సర్కారు దవాఖానాలో పొద్దున ఎనిమిదికి కూర్చుంటే పన్నెండున్నర అయినా పేరు పిలవలేదు. నేను ముక్కు దాకా కొంగు లాగి కూర్చున్నాను. పక్క బెంచీ మీద నిజాంపురా నుంచి వచ్చిన ఒక ఆపా, ముస్లిం పెద్దావిడ, మనవరాలి దగ్గుకు చూపించడానికి వచ్చింది. ఆమె కాసేపు చూసి నా కొంగు తానే పక్కకు జరిపింది. తిడతానేమో అనుకున్నాను, కానీ ఆమె తన మొహం నా ముందు పెట్టింది.

“బతావ్ బహెన్, మేరా కౌన్‌సా సైడ్ గయా థా?”

నాకు పోయింది ఏ దిక్కో చెప్పు అంటున్నది. నేను చాలాసేపు చూశాను. రెండు దిక్కులూ ఒక్కతీరే ఉన్నాయి. కుడి అన్నాను, కాదంది. ఎడమ అన్నాను. నవ్వింది. ఆ నవ్వులో కూడా నాకు తేడా కనబడలేదు. తన దస్తీ తడిపి నా కన్ను మీద వేసి, రెప్ప మీద వేలు పెట్టి మెల్లగా మూసింది. ఐదు రోజుల తరువాత ఆ కన్ను మొదటిసారి మూతపడింది. ఆమె పేరు అడగడం మరిచాను. ఇప్పటికీ నిజాంపురా బజారుకు పోతే బుర్ఖాల్లో ఆ మొహం కోసం చూస్తాను.

డాక్టరు చిన్న వయసుది. తిట్టలేదు. మొహాన్ని కదిలించే నరం వాచింది, మొదటి మూడు రోజుల్లోనే మందు మొదలుపెడితే మూతి తొందరగా తిరుగుతుంది, ఇప్పుడు కూడా తిరుగుతుంది కానీ ఎంతవరకో చెప్పలేనని శ్రావణికి మరాఠీలో చెప్పింది. మొదటి రోజే ఎందుకు రాలేదని అడిగింది. శ్రావణి నా దిక్కు చూసింది. నేను గట్టిదాన్ని కదా అని చెప్పాలా?

తరువాతి వారం ఇంట్లోనే. నా కోపానికి ఇంకో కారణం ఇక్కడ ఉంది. రాయనా వద్దా అని మా ఆయననే అడిగాను. “నువ్వు రాస్తవు, నేను వద్దంటే ఆగుతవా?” అన్నాడు. కాబట్టి రాస్తున్నాను.

ఎవరు వచ్చి అడిగినా నేను ఊరికి పోయానని చెప్పాడు. నేను పరదా వెనక మంచం మీద ఉండి విన్నాను. “అక్క లేదమ్మా, జగిత్యాల పోయింది, పండుగ అయినంక వస్తది.” గొంతును బట్టి వచ్చింది భాగ్య అని తెలిసింది. “చెప్పకుంట పోయిందా?” అని ఆమె అడగడం కూడా వినబడింది. నేను లేచి పోవచ్చు. లేవలేదు. అద్దంలో చూసుకున్న మొహం గుర్తొచ్చి పడుకున్నాను. ఆయన అబద్ధంలో నా పాలు కూడా ఉంది.

కానీ ఆయనే నాలుగు గంటలకోసారి కంట్లో చుక్కలు వేసేవాడు. సాంచెల మీద నుంచి మధ్యలో దిగి వచ్చేవాడు. వచ్చి, రెప్ప ఎత్తి, రెండు చుక్కలు వేసి, కన్ను మీద పట్టీ అతికించి, మళ్ళీ పనికి పరుగెత్తేవాడు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేశాడు. ఏది లెక్కలోకి తీసుకోవాలో నాకు ఇంకా తెలియదు.

పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజుల్లో మొదటిది. పొద్దుగూకే వేళకు మా కార్ఖానా ఆడవాళ్ళందరూ మా గల్లీలోనే చేరతారు. పదకొండేళ్ళుగా పాట ఎత్తేది నేను. నేను ఒక వరుస అంటే వాళ్ళు చప్పట్లు కొట్టి అదే మళ్ళీ అంటారు. ఆ రోజు మంచం మీద పడుకొని వింటున్నాను. గాజుల చప్పుడు వినబడింది, మాటలు వినబడ్డాయి, పాట రాలేదు. “నువ్వు ఎత్తు.” “నాకు రాదమ్మా, నువ్వు ఎత్తు.” “నేనెప్పుడన్నా ఎత్తిన్నా?” ఎవరో ఒక వరుస మొదలుపెట్టి సగంలో వదిలేశారు. మళ్ళీ గాజుల చప్పుడే.

నాకు ఒళ్ళు మండింది. లేచాను. మా ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. “ఏడికి?” అన్నాడు. “జగిత్యాల నుంచి వచ్చిన,” అన్నాను. మాట వంకరగా వచ్చింది కానీ ఆయనకు అర్థమైంది. పక్కకు జరిగాడు.

కంటికి పట్టీతో, వంకర మూతితో గల్లీలోకి పోయాను. అందరూ చూశారు. నేను చుట్టులో నిలబడి పాట ఎత్తాను. రెండు పెదవులు కలిస్తే గాని రాని మాటలన్నీ గాలిలాగా పోయాయి. వాళ్ళకు ఏం అనాలో తెలియలేదు. నా పెదవులు చూసే అలవాటు వాళ్ళది, ఆ పెదవులేమో అబద్ధం చెబుతున్నాయి. పద్దెనిమిది మంది చేతులు ఎత్తుకొని నిలబడ్డారు, చప్పట్లు పడలేదు.

అక్కడ నిలబడే తెలుసుకున్నాను. శనివారం సేటు ముందు వాళ్ళు ఎందుకు నోరు తెరవలేదో. నేను పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఎవరన్నా మొదలుపెడితే రాగం తప్పిందని మధ్యలో అందుకునేదాన్ని. సేటు దగ్గరికి ఒక్కదాన్నే పోయేదాన్ని, వచ్చి వాళ్ళకు చెప్పేదాన్ని. మీకెందుకు, నేను చూసుకుంటా అనేదాన్ని. దాన్ని నాయకత్వం అనుకున్నాను. ఒక్క నరం మొరాయిస్తే పందొమ్మిది మందికీ నోరు పోయేటట్టు చేసి పెట్టాను. మేడం చెప్పిన పెట్టుబడి ఏదైనా ఉంటే, నేను పెట్టాల్సింది ఇక్కడ పెట్టాలి. బొమ్మల్లో అది లేదు.

చివరికి భాగ్య ఎత్తింది. రాగం తప్పింది. నా నాలుక కొసకు సరైన రాగం వచ్చింది. నోరు మూసుకున్నాను, ఎంత మూతపడితే అంత. చప్పట్లు కొట్టాను. తొమ్మిది రోజులు రోజుకొకరు ఎత్తారు. ఒకామె మరీ ఘోరంగా పాడింది. దానికీ చప్పట్లు కొట్టాను. నాకు పసరు కన్నా చేదుగా ఉండింది.

దసరా తరువాత పనికి పోయాను. దవాఖానాలో మొహానికి కసరత్తు నేర్పిన నర్సమ్మ బుగ్గలు పూరించమంది, పెదవులు కలిపి పలికే అక్షరాలు పలకమంది. టీచరమ్మ దిద్దించిన పాత పుస్తకం తీసి, అద్దం ముందు పెట్టుకొని ‘ప’ దగ్గర నుంచి ‘మ’ దాకా పలికేదాన్ని. చదవడం కోసం ఒకసారి నేర్చుకున్నాను, ఇప్పుడు పలకడం కోసం రెండోసారి. టీచరమ్మ రోజూ పొద్దున వచ్చి ఎదురుగా కూర్చునేది. జాలి మాటలు చెప్పేది కాదు. “మ రాలేదు, మళ్ళ అను,” అనేది.

దీపావళికి పది రోజులు ఉందనగా భాగ్య నా మిషన్ దగ్గరికి వచ్చింది.

“అక్కా, రేపు సేటు దగ్గరికి పోతున్నం. నువ్వు రాకు.”

“ఎందుకు?”

“నువ్వొస్తే ఆయన నీ మూతి చూస్తడు. మా మాట వినడు. మళ్ళ మంచిగైనంక అంటడు.”

కొట్టాలనిపించింది. అబద్ధం రాయను, నిజంగా చెయ్యి లేచింది. ఎండాకాలం నుంచి తిరిగింది నేను, ఎండిన గొంతుతో వాదించింది నేను. “నీకు మాట్లాడొస్తదా?” అన్నాను.

“రాదు. అయినా పోత.”

మరునాడు వాళ్ళు సేటు గదిలోకి పోయారు. ఆ గదికి హాలు దిక్కు అద్దం ఉంది. నేను తలుపు దగ్గరి మిషన్ మీద కూర్చొని కండెలు చుడుతూ చూశాను. సాంచెల చప్పుడులో ఏమీ వినబడదు, కానీ పెదవులు చదవడంలో నన్ను మించినవాళ్ళు ఆ కార్ఖానాలో లేరు.

సేటు అన్నాడు, “సుగుణక్క ఏది?”

భాగ్య అంది, “ఆమె పని చేస్తున్నది. మేమొచ్చినం.”

జాగా లేదన్నాడు. వచ్చే ఏడు చూద్దామన్నాడు. మనం మనం ఒక్క దిక్కోళ్ళం, ఇట్ల నిలదీస్తే ఎట్ల అన్నాడు. నేనైతే అక్కడ కాయిదా, చట్టం అని మాట్లాడేదాన్ని, నాలుగు నెలలు అదే మాట్లాడాను. భాగ్య తల ఊపింది.

“సరే సేటూ. జాగా లేకుంటే కట్టకు. రేపటి సంది మేం పందొమ్మిది మందిమి పైకి మీ ఇంటికే వస్తం. మనం మనం ఒక్క దిక్కోళ్ళం కద. వదినెకు చెప్పి పెట్టు, గొళ్ళెం తీసి ఉంచమను.”

సేటు నమలడం ఆపాడు. ఆమె వెనక ఒకామె, పండుగ నాడు ఘోరంగా పాడినామె, కలగజేసుకుంది: “నాకైతే పొద్దుగాల రెండుసార్లు అయితది సేటూ, ముందే చెప్తున్న.”

నా మిషన్ మీద దారం తెగింది. నేను నవ్వుతున్నాను. సగం మొహమే నవ్వింది, కన్నీళ్ళు మాత్రం మూతపడని కంట్లో నుంచి కూడా వచ్చాయి.

గచ్చు కింద పైపు పడింది. వెనక మూలలో చిన్న గది లేచింది, తలుపు పెట్టారు. మొదటి రోజు చూస్తే గొళ్ళెం బయటి దిక్కు పెట్టి ఉంది. లోపల ఏమీ లేదు. ఆడవాళ్ళ లెట్రిన్‌కు బయట గొళ్ళెం పెట్టినవాణ్ణి ఏమనాలో నాకు రాయడం చేతకాదు. నేను సేటు గది దిక్కు రెండడుగులు వేశాను. అప్పటికే భాగ్య చేతిలో మరలు తిప్పే పేచ్‌కస్ పట్టుకొని మేస్త్రిని భుజం పట్టి లాక్కొస్తున్నది. నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. వెనక్కి వచ్చి కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిందే, అది ఇంకా పూర్తిగా రాలేదు.

ఇప్పుడు నా కన్ను మూతపడుతుంది, కొంచెం ఆలస్యంగా. మిగిలింది తిరుగుతుందో లేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను. మొన్న ఆ మేడం మళ్ళీ వచ్చి, “ఎంత తట్టుకున్నావు సుగుణతాయి,” అంది. తట్టుకోలేదు మేడం, ఆరు రోజులు పారేసుకున్నాను అన్నాను. ఆమె రాసుకుంది. రాసుకోనీ.

పొద్దున పనికి పోయే ముందు ఇప్పుడు రెండు గ్లాసుల నీళ్ళు తాగుతాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ తాగలేదు. కుడి దిక్కు నుంచి కొన్ని కారి గదవ మీద పడతాయి. తుడుచుకొని, మిగిలినవి తాగి, పోతాను.